పెరటిలో చిట్టి గోల్ఫు: కొయ్య అడ్డంకుల నిర్మాణము

గోల్ఫు ఆట యనగానే విశాలమైన పచ్చిక బయళ్లు, సంచి నిండుగ కర్రలు, ఆ సంచిని మోయు కుఱ్ఱవాడు మన తలపునకు వచ్చుట సహజము. ఆ ఆటకు చివరి ఘట్టమొకటి కలదు. బంతి గుంటకు సమీపమున వచ్చి నిలిచిన పిమ్మట ఆటగాడు తన బలమంతయు విడిచి, చదునైన ముఖముగల పొట్టి కర్రతో దానిని నెమ్మదిగా దొర్లించును. ఆ కర్రకు పుట్టర్ అని పేరు. ఈ ఘట్టము నొక్కదానినే గ్రహించి, పచ్చిక బయలును పెరటిలోనికి కుదించి, దారిలో వంతెనలు, సొరంగములు, గాలిమరలు నిలిపినచో అదియే చిట్టి గోల్ఫు. బలముతో పనిలేదు కనుక ఎనిమిదేండ్ల పిల్లయు, డెబ్బదేండ్ల తాతగారును ఒకే వరుసలో నిలిచి ఆడవచ్చును. తాతగారు ఓడిపోవుటయు కద్దు.

ఈ ఆటకు ప్రాణము అడ్డంకి. అమెరికాలో పెరడు గల గృహస్థులు సెలవు దినములలో కొయ్యతో ఈ అడ్డంకులను స్వయముగా నిర్మించుకొనుట చిరకాలముగా నున్నది. చూచుటకు ఇది బొమ్మల పనివలె తోచును. కాని చేయబూనినవారికి ఒక చిక్కు ఎదురగును. అడ్డంకి కష్టముగా నుండవచ్చును, అన్యాయముగా నుండరాదు. ఒకే తీరున కొట్టిన బంతి ఒకసారి కుడికి, మరియొకసారి ఎడమకు పోయినచో, గెలిచిన పిల్లకు గర్వము లేదు, ఓడిన పిల్లకు ఓర్పు ఉండదు. అట్టి అడ్డంకి ఆట కాదు, జూదము. కష్టమైనను న్యాయముగా నుండు అడ్డంకిని కొయ్యతో ఎట్లు చేయవలెనో చెప్పుటకే ఈ ప్రసంగమును ఉద్దేశించితిమి.

ముందు కొంత పూర్వకథ. స్కాట్లండులోని సెంట్ ఆండ్రూస్ పట్టణమున 1867 లో స్త్రీల పుట్టింగ్ క్లబ్బు ఏర్పడెను. స్త్రీలు కర్రను భుజము దాటి పైకెత్తుట మర్యాద కాదని ఆనాటివారి తలంపు. అందుచే గుట్టలు మిట్టలు గల చిన్న బయలొకటి వారి పాలైనది. దానికి నేటికిని ‘హిమాలయములు’ అనియే పేరు. మన గిరిరాజు పేరు అంత దూరమున ఒక ఆటస్థలమునకు అమరుట వినోదముగా నున్నది. అక్కడ అడ్డంకి యనగా నేల యెగుడు దిగుడే. కొయ్యకు చోటు లేదు.

కొయ్య వచ్చినది అమెరికాలో. పచ్చికను పెంచి, కత్తిరించి, తడుపుట ఖర్చుతో కూడిన పని. 1922 లో థామస్ ఫెయిర్‌బైర్న్ అను ఆంగ్లేయుడు పత్తిగింజల పొట్టును నలిపి, నూనె కలిపి, ఆకుపచ్చ రంగు పట్టించి, ఇసుక పునాదిపై పరచి, బంతి సమముగా దొర్లు తలమును సాధించెను. పత్తిగింజలు పశువులకు పెట్టు మన రైతులకు ఈ వినియోగము వింతగా తోచవచ్చును. పచ్చిక బెడద తీరినంతనే ఆటస్థలము ఎక్కడనైన పెట్టవచ్చునని తేలెను. జార్జియా, టెనెసీ రాష్ట్రముల సరిహద్దున నున్న లుకౌట్ పర్వతముపై గార్నెట్ కార్టర్ అను హోటలు యజమాని 1927 ప్రాంతమున అట్టి స్థలము నొకదానిని నిర్మించి, తొఱ్ఱ మ్రానులను, రాళ్లను అడ్డముగా నిలిపెను. ఆయన భార్య ఫ్రీడా మరుగుజ్జుల బొమ్మలతో దానిని అలంకరించెను. ‘టామ్ థమ్ గోల్ఫ్’ అను పేరుతో ఆ నమూనా దేశమంతట అమ్ముడుపోయెను.

అంతలో 1929 అక్టోబరున న్యూయార్కు వాటాల బజారు కూలిపోయెను. పనులు పోయినవి, ఖాళీ స్థలములు మిగిలినవి. 1930 లో ఈ ఆట ఒక వెఱ్ఱివలె వ్యాపించి వేలకొలది ఆటస్థలములు లేచినవి. వేల డాలర్లు వెచ్చించి కార్టర్ గారి సామగ్రిని కొనలేనివారు ఊరకుండలేదు. పాత మోటారు టైర్లు, విరిగిన బండి చక్రములు, తుప్పుపట్టిన పొగగొట్టములు, పీపాలు, చూరు కాలువలు, ఏది దొరికిన దానిని అడ్డముగా పెట్టి తమ స్థలములను తామే సిద్ధము చేసికొనిరి. బీదతనమే వారికి శిల్పశాస్త్రమైనది. ఆ వెఱ్ఱి ఏడాది తిరుగకుండగనే చాలవరకు చల్లారినది. ఇంటివారు చేతికి దొరికినదానితో అడ్డంకులు కట్టుకొను అలవాటు మాత్రము నిలిచినది. తరువాతి కాలమున అడ్డంకులపైననే ఒక వివాదము కూడ పుట్టెను. 1954 లో నార్త్ కరోలినాలోని ఫేయెట్‌విల్ పట్టణమున ‘పుట్‌పుట్’ ఆటస్థలమును స్థాపించిన డాన్ క్లేటన్‌కు గాలిమరలు మొదలైన వేషములు గిట్టవు; నేర్పు ఒక్కటే గెలువవలెనని ఆయన పట్టు. ఆ సంవత్సరమే స్విట్జర్లండులోని అస్కోనాలో పాల్ బోంగ్ని కొలతలు స్థిరపరచిన 18 బాటలతో మినీగోల్ఫ్ స్థలము వెలసెను. ఆయన అడ్డంకులను తీసివేయలేదు. వాటిని కొలతకు లోబరచెను. మా మొగ్గు ఈ రెండవ మార్గమువైపే. గాలిమర లేని చిట్టి గోల్ఫు పిల్లలకు ఉప్పులేని కూరవంటిది.

ఇక పనిలోనికి దిగుదము. రెండు కొలతలు ముందుగా మనస్సున నిలుపవలెను. గోల్ఫు బంతి వ్యాసము 1.68 అంగుళములకు తగ్గరాదు. గుంట వ్యాసము 4¼ అంగుళములు. తక్కిన కొలతలన్నియు వీనినుండియే పుట్టును.

బాటకు ముప్పాతిక అంగుళము దళసరి గల, తడికి ఆగు ప్లైవుడ్ పలక మేలు. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల ఒక్క పలకను నిలువున రెండుగా కోసి ఒకదాని చివర నొకటి చేర్చినచో 16 అడుగుల బాట యగును. ఇంటి ఆటకు అది చాలును. అతుకు గాలిలో వ్రేలాడక, క్రింది దూలముపై కూర్చుండవలెను. అమెరికా కలప అడితులలో 2×4 అని అమ్ము దూలము నిజముగా 1½ అంగుళముల దళసరి, 3½ అంగుళముల వెడల్పు మాత్రమే యుండును. ఎండి, చిత్రిక పట్టిన పిమ్మట మిగిలిన కొలత అది. పేరును నమ్మి గీత గీసినవాని చట్రము మూలలయందు కలియదు. ఈ దూలములను నిలువుగా పెట్టినచో బాట నేలకు 4¼ అంగుళములు లేచును. ప్రక్కన నేలపై నిలిచిన ఆటగాని కాళ్లు పల్లమున పడి కొట్టు తీరు చెడును. చదునుగా పరచినచో లేచునది 2¼ అంగుళములే. దూలముల నడుమ ఎడము 16 అంగుళములు మించినచో పలక నడుమ క్రుంగును.

బాటపై పరచుటకు పొట్టి బొచ్చుగల, వానకు చెడని తివాచీ దొరకును. తివాచీ బొచ్చునకు ఒక వాలు కలదు. అరచేతితో నిమిరినచో ఒకవైపు నునుపు, ఎదురు దిక్కున గరుకు తెలియును. ముక్కలను అతికినప్పుడు వాలు అంతయు ఒకే దిక్కున నుండవలెను. లేనియెడల బంతి మొదటి ముక్కపై పరుగెత్తి రెండవదానిపై కుంటును. బాట మట్టమును రసమట్టముతో నిలువునను అడ్డమునను చూడవలెను. కంటి అంచనా ఇక్కడ పనికిరాదు. నెమ్మదిగా దొర్లు బంతి కంటికి తెలియని వాలును కూడ పసిగట్టును.

బాటకు ఇరువైపుల అంచుకొయ్యలు కావలెను. అంచు ఎత్తు బంతి నడిమికి, అనగా ముప్పాతిక అంగుళమునకు పైచిలుకుగా నున్న భాగమునకు, మించియుండవలెను. తక్కువైనచో వేగముగా వచ్చిన బంతి దానిని మెట్టుగా చేసికొని ఎగిరిపోవును. చదునుగా పరచిన 2×4 అంగుళమున్నర ఎత్తుండును గనుక సరిపోవును. మేకు తలలు, మరల తలలు బంతి తగులు ముఖమున ఉండరాదు. క్రిందినుండి గాని వెలుపలినుండి గాని మరలు బిగించుట పద్ధతి. రెండు అంచులు కలియు మూల వద్ద గోరు తట్టుకొనునంత మెట్టు మిగిలినను అది బంతిని దారి తప్పించును. ఆ మెట్టును చిత్రికతో తీసి, గరుకు కాగితముతో నునుపు చేయవలెను.

మొదటి అడ్డంకి మలుపు పలక. బాటను ఎల్ అక్షరము ఆకారమున వంచి, మూలలో 45 డిగ్రీల వాలున ఒక దళసరి చెక్కను నిలిపినచో బంతి దానికి తగిలి ప్రక్క బాట పట్టును. క్యారమ్ బోర్డు అంచునకు కొట్టి కాయను రాబట్టు పిల్లవానికి ఈ సూత్రము వివరింప నక్కరలేదు. వచ్చిన కోణమే పోవు కోణమని పుస్తకములు చెప్పును. కాని చెక్కకు తగిలిన బంతి, ఎదురు పడు వేగములో కొంత పోగొట్టుకొని, పుస్తకము చెప్పినదానికంటె కొంచెము పలకను ఒరసికొని పోవును. ఈ తేడా ప్రతిసారి ఒకే విధముగ నుండుట ముఖ్యము. పలక వదులుగా నున్నచో ఉండదు. వెనుకనుండి రెండు ఊతకొయ్యలతో దానిని బిగించి, వ్రేలితో తట్టి చూడవలెను. డొల్ల శబ్దము వచ్చినచో బిగువు చాలలేదని అర్థము.

రెండవది ఎక్కుడు బల్ల. ఎత్తు ఎంత యుండవలెనను ప్రశ్నకు భౌతికశాస్త్రము చక్కని సమాధానము చెప్పును. దొర్లు బంతి 3 అంగుళముల ఎత్తు ఎక్కుటకు సెకనుకు సుమారు 3.4 అడుగుల వేగము కావలెను. 6 అంగుళములకు 4.8 అడుగులు. 12 అంగుళములకు 6.8 అడుగులు. నాలుగింతలు ఎత్తునకు రెండింతలు వేగమే కదా, అడుగు ఎత్తు కట్టిన నేమి యని తోచవచ్చును. చిక్కు మరియొకచోట నున్నది. ఎవరి చేతికైనను కొలత కొంచెము తప్పును. కావలసిన వేగమునకు పదవ వంతు ఎక్కువ కొట్టితిరనుకొనుడు. 3 అంగుళముల బల్లపై ఆ బంతి మిట్టకు చేరినప్పుడు దానికి సెకనుకు 1.6 అడుగుల వేగము మిగులును; కొంత దూరము దొర్లి ఆగును. అడుగు ఎత్తు బల్లపై అదే తప్పునకు 3 అడుగులకు పైగా మిగిలి, బంతి గుంటను దాటి వెనుక అంచును ఢీకొనును. పదవ వంతు తక్కువైనచో రెంటను బంతి తిరిగి కాళ్లయొద్దకే వచ్చును. చిన్న తప్పునకు పెద్ద శిక్ష వేయు బల్ల అన్యాయపు బల్ల. కావున గుంట మిట్టపై నుండు బల్లకు 3 అంగుళముల ఎత్తు, 2 అడుగుల ఏటవాలు మా సలహా. క్రింది అంచు ప్లైవుడ్ దళసరియంతయు మెట్టుగా మిగిలిపోకుండ చిత్రికతో కత్తివాదరవలె పలుచన చేయవలెను. ఈ ఒక్క పని మానినందుననే పెక్కు బల్లలపై బంతి దొర్లక గెంతును.

చుట్టు తిరిగి తలక్రిందుగా పోవు వలయ మార్గమును కొందరు చేయ నుత్సహింతురు. 8 అంగుళముల వ్యాసార్ధము గల వలయమును దాటుటకు బంతికి సెకనుకు 9 అడుగుల వేగము ఉండవలెను. పిల్లవాడు అంత బలముగా కొట్టుట మొదలిడిన పిమ్మట అది పుట్టింగ్ కాదు, కిటికీ అద్దములకు ముప్పు. దానిని మేము సిఫారసు చేయము.

సొరంగమునకు నాలుగు చెక్కల పెట్టె చాలును. పైమూతకు బందులు అమర్చుట మరువరాదు. లోపల చిక్కిన బంతిని, వానకాలమున కాపురము పెట్టిన కప్పను వెలికి తీయవలసియుండును.

గాలిమర ఈ ఆటకు మకుటము. రెండడుగుల ఎత్తుగల చెక్క గూడు, దాని అడుగున బంతి పోవు ద్వారము, ముందు తిరుగు నాలుగు రెక్కలు. ద్వారపు వెడల్పునుండి బంతి వ్యాసమును తీసివేయగా మిగిలినదే ఆటగాని సొమ్ము. 3½ అంగుళముల ద్వారమున మిగులునది 1.8 అంగుళములు మాత్రమే. 6 అడుగుల దూరమునుండి అది పెద్దలకును కష్టము. 5 అంగుళములైనచో పిల్లలకు ఆశ నిలుచును.

రెక్కలను గూర్చి ఒక అపోహ కలదు. వేగముగా తిరిగిన గాలిమర కష్టమైనదనియు, మెల్లగా తిరిగినది సులభమనియు తలంతురు. లెక్క వేసి చూతము. ఇరుసునుండి రెక్క కొన వరకు 18 అంగుళములైనచో కొన తిరుగు వలయము చుట్టుకొలత 113 అంగుళములు. నాలుగు రెక్కలకు పంచినచో ఒక్కొక్కదానికి 28 అంగుళములు. రెక్క వెడల్పు 4 అంగుళములు, బంతి వ్యాసము 1.68, కలిపి 5.7. అనగా దారి మూసియుండునది అయిదింట ఒక వంతు కాలము. రెక్కలు 6 సెకనులకు తిరిగినను 12 సెకనులకు తిరిగినను ఈ వంతు దాదాపుగా మారదు. వేగము మార్చునది చూచువాని గుండె దడను మాత్రమే. కష్టమును నిజముగా మార్చునవి రెక్కల సంఖ్య, వెడల్పు. ఎనిమిది రెక్కలైనచో అయిదింట రెండు వంతులు దారి మూసియుండును. మెల్లగా తిరుగు గాలిమరయందు ఆటగాడు రెక్క కదలికను గమనించి, క్షణమును ఎంచుకొని కొట్టగలడు. అప్పుడది అదృష్టము గాక నేర్పగును. క్లేటన్‌గారి ఆక్షేపణకు మా సమాధానము ఇదియే. 12 సెకనులకు ఒక చుట్టు చక్కని నడక.

రెక్క కొన బాటకు ముప్పాతిక అంగుళమునకు మించని ఎడమున తిరుగవలెను. అంతకంటె ఎత్తైనచో బంతి నడిమికి పైన తగిలి, దానిని నేలకు నొక్కిపట్టును. రెక్కలకు పలుచని ప్లైవుడ్ వాడి, అంచులు గుండ్రముగా నునుపు చేయవలెను. బ్యాటరీతో నడచు చిన్న మోటారునుండి ఇరుసునకు పట్టీ వేసి, ఎవరైనను రెక్కను చేత పట్టినచో పట్టీ జారిపోవునట్లు వదులుగా ఉంచవలెను. ఇది పిల్లల వ్రేళ్లకు సంబంధించిన విషయము గనుక అలక్ష్యము తగదు. మోటారు లేక గాలికే తిరుగు మరకు మరియొక చిక్కు కలదు. గాలి పడిపోయినప్పుడు నాలుగింటిలో బరువైన రెక్క తిన్నగా క్రిందికి వ్రేలాడి, సరిగా ద్వారమునకే అడ్డము నిలుచును. నాలుగు రెక్కలను సమముగా తూచి, రెండు రెక్కల నడుమ ఇరుసు దిమ్మకు ఒక చిన్న ఇనుప ముక్కను మరతో బిగించినచో, మర ఆగినప్పుడు ఆ ఇనుము అడుగునకు వచ్చి, రెక్కల సందు ద్వారమునకు ఎదురుగా నిలిచి దారి తెరచియుండును.

అడ్డంకి పూర్తియైన పిమ్మట పరీక్ష. రెండు బద్దలను వి అక్షరమువలె చేర్చి ఒక చిన్న దోనె చేసి, దానిని బాట మొదట వాలుగా నిలిపి, ఒకే గుర్తునుండి పదిమార్లు బంతిని విడువవలెను. ఇందులో చేతి తప్పు లేదు కనుక తేడా వచ్చినచో అది కొయ్యదే. మలుపు పలక, బల్ల, సొరంగము వీనిని దాటిన బంతులు పదియు ఒక జానెడు వలయములో నిలిచినచో పని న్యాయముగా జరిగినది. చెదరినచో ఎక్కడనుండి చెదరుచున్నవో మోకాళ్లపై కూర్చుండి చూడవలెను. సాధారణముగా ఒక తివాచీ అతుకో, ఒక మర తలయో దొరకును.

కలపను గూర్చి ఒక హెచ్చరిక తప్పదు. వాడి వదలిన చెక్క చౌక గనుక అందరును దానినే వెదకుదురు. అమెరికాలో వానకు చెడకుండ ఆర్సెనిక్ కలిసిన మందు పట్టించిన కలపను ఇండ్ల నిమిత్తము తయారు చేయుట 2003 చివరతో ఆగినది. అంతకు పూర్వపు పాత అరుగుల చెక్కలో ఆ విషము నేటికిని ఉండవచ్చును. దానిని కోయుటయు, గరుకు కాగితముతో రుద్దుటయు, కాల్చుటయు కూడదు. 1978 కి పూర్వపు ఇండ్ల తలుపుల రంగులో సీసము ఉండవచ్చును. సరకుల క్రింద వచ్చు చెక్క బల్లలపై అంతర్జాతీయ నియమము ననుసరించి ముద్ర యుండును. ఎచ్.టి. అని యున్నచో వేడితో శుద్ధి చేసినది, వాడవచ్చును. ఎం.బి. అని యున్నచో మిథైల్ బ్రోమైడ్ అను విషవాయువు పట్టించినది. పిల్లలు తాకు వస్తువునకు పనికిరాదు. ఓడరేవులలో దిగు బల్లలపై మన దేశమునను ఇవే అక్షరములు కనిపించును.

ఆట లెక్కలో ఒక చిన్న కట్టుబాటు మేలు చేయును. ఆరు దెబ్బలలో బంతి గుంటలో పడనిచో ఏడు అని వ్రాసికొని తరువాతి బాటకు పోవలెను. మినీగోల్ఫ్ పోటీలలో ఇదియే నియమము. చిన్నవారు ఒకేచోట నిలిచి కంటతడి పెట్టు అవసరము దానితో తప్పును.

గుంటకు 4¼ అంగుళముల వాయి గల డబ్బా దొరికినచో అదే చాలును. దాని అడుగున మేకుతో నాలుగు రంధ్రములు చేసి, క్రింద గుప్పెడు గులకరాళ్లు పోసినచో వాన నీరు నిలువదు. ప్లైవుడ్ కోసిన అంచులకు రెండు పూతలు రంగు పట్టించవలెను. పలకలోనికి తడి చొరబడునది ముఖమునుండి కాదు, అంచునుండి. వానకాలము రాకముందే బాటలను లేపి గోడకు చేరవేయవలెను. గాలిమర రెక్కలను ఇరుసునుండి విడదీసి ఇంటిలో పెట్టి, ఏ రెక్క ఏ మూలదో వెనుక అంకె వేసికొనినచో మరుసటి ఏడు మరల తూచు శ్రమ యుండదు.